మన కారు మనమే చూసుకుందాం – 5వ పాఠం: కూత పెట్టే ఫ్యూయల్ పంప్

గత పాఠంలో మల్టీమీటర్‌తో బ్యాటరీ ఓల్టేజి, ఎర్త్ చూడటం నేర్చుకున్నాం. ఈసారి అదే మీటర్ పట్టుకుని వెనక సీటు దగ్గరికి వెళ్దాం. మన బండి పాత హ్యుందాయ్ శాంత్రో. కార్బొరేటర్ ఉన్న పాత మారుతి 800 వాళ్లకు ఈ పాఠం పనికిరాదు. వాళ్ల పంప్ ఇంజన్ మీదే ఉంటుంది, దాన్ని ఇంజనే తిప్పుతుంది.

వెనక నుంచి గుయ్‌మని కూత వస్తోందని చెప్పగానే చాలా షెడ్లలో వినిపించే మాట "పంప్ పోయింది, మార్చేద్దాం". దయచేసి అంత తొందరపడకండి. పంప్‌కి పెట్రోల్ సరిగ్గా అందకపోయినా కూత వస్తుంది. ఆ కారణాన్ని అలాగే వదిలేసి కొత్తది బిగిస్తే అదీ తొందరగానే పోతుంది, డబ్బు దండగ.

ఈ పంప్ ట్యాంకులో, పెట్రోల్‌లో మునిగి పనిచేస్తుంది. బోరులో దించిన సబ్‌మెర్సిబుల్ మోటారు ఎలాంటిదో ఇదీ అలాంటిదే. పెట్రోల్ మోటారు లోపలి నుంచే పారుతుంది, దాన్ని చల్లబరుస్తుంది, అరగకుండా కాపాడుతుంది. కింద ఉండే స్ట్రెయినర్ (పెట్రోల్ వడకట్టే జాలి) మురికితో మూసుకుపోతే పంప్ ఎంత గుంజినా చాలినంత పెట్రోల్ రాదు. ఆ గుంజుడుకు పెట్రోల్‌లో ఆవిరి బుడగలు పుట్టి, పంప్ లోపలే పగులుతాయి. మనకు వినిపించే సన్నటి కూత చాలావరకు వాటిదే. వేడి పెట్రోల్ ఇంకా తేలిగ్గా ఆవిరవుతుంది కాబట్టి ఎండాకాలం మధ్యాహ్నాల్లో గోల ఎక్కువ.

ముందు చెవులకు పని చెబుదాం. సందడి లేని చోట బండి ఆపి, సెల్ఫ్ కొట్టకుండా కీ మాత్రం ఆన్ చేయండి. రెండు మూడు సెకన్లు మెల్లగా గుంయ్ అని ఆగిపోవాలి. పైపుల్లో ప్రెషర్ నింపుకుంటున్న శబ్దం అది, దానికి టెన్షన్ అక్కర్లేదు. ఇప్పుడు ఇంజన్ స్టార్ట్ చేసి వెనక సీటు దగ్గర వినండి. నిలబడి ఉన్నప్పుడు ఏమీ లేకుండా, బండి కదిలితేనే వచ్చే మోత అయితే వీల్ బేరింగ్‌నో టైర్‌నో అనుమానించండి.

కూత ఎప్పుడు పెరుగుతోందన్నదే అసలు ఆచూకీ. రిజర్వ్‌లో పడ్డాకే వచ్చి, ట్యాంకు నింపగానే తగ్గిపోతే ముందు రిజర్వ్ మీద తిప్పే అలవాటు మానండి. ట్యాంకు నిండా ఉన్నా, కాసేపు నడిచి వేడెక్కాక పెరుగుతూ, ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ కూడా తగ్గుతుంటే స్ట్రెయినర్, ఫిల్టర్ చూడాల్సిందే. చల్లగా ఉన్నప్పుడు, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు కూడా మొదటి క్షణం నుంచీ ఒకేలా అరుస్తుంటే పంప్ అరిగి ఉండొచ్చు, లేదా దాన్ని పట్టి ఉంచే రబ్బరు గట్టిపడి అదురు ట్యాంకుకు తగులుతూ ఉండొచ్చు.

ఇంకొకటి, పైసా ఖర్చు లేనిది. కూత బాగా ఉన్నప్పుడు బండి ఆపి, పెట్రోల్ మూత మెల్లగా తిప్పండి. గాలి బుస్సుమని లోపలికి పోయి, మళ్లీ స్టార్ట్ చేస్తే కూత తగ్గిందా? ట్యాంకుకు గాలి దారి మూసుకుపోయింది. బయటికి వచ్చే బుస్సు మాత్రం వేడికి మామూలే.

ఇక మీటర్. తలుపులన్నీ తెరిచి పెట్టండి. పెట్రోల్ ఆవిరి గాలి కన్నా బరువు, కారు అడుగున పేరుకుపోతుంది. సిగరెట్, దోమల చక్రం, పక్కన గ్రైండర్ పని ఏదీ ఉండకూడదు. వెనక సీటు ఎత్తి, దాని కింద పంప్ దగ్గరికి దారి ఇచ్చే మూత తీశాక పెట్రోల్ వాసన గుప్పుమంటే అక్కడితో ఆపి, ముందు ఆ లీకు సంగతి చూడండి. వాసన లేకపోతే కప్లర్ (పంప్ తీగలు కలిసే ప్లాస్టిక్ ప్లగ్గు) ఊడదీయకుండానే, తీగలు దూరే వెనక వైపు నుంచి మీటర్ సూదులు పెట్టండి. అందులో పెట్రోల్ గేజ్ తీగలు కూడా ఉంటాయి. పంప్‌వి లావుగా ఉండే రెండు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 ఓల్టులు ఉంటే ఇక్కడ 13.3 దాకా రావాలి. ఓల్టు పైన తేడా ఉంటే దారిలో ఎక్కడో కరెంటు నష్టపోతోంది. తర్వాత పంప్ ఎర్త్ తీగకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య చూడండి, 0.2 దాటకూడదు. కరెంటు తక్కువైన పంప్ సన్నగా కూయదు, బొంగురుగా మూలుగుతుంది.

ఇంజన్ ఆపాక కప్లర్ తీసి పిన్నులు వెలుగులో చూడండి. మంచి పిన్ను తెల్లగా మెరుస్తుంది. వేడెక్కినదాని చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, కాస్త మెత్తబడి, పిన్ను ఓ పక్కకు ఒరిగి ఉంటుంది. అది కనబడితే పంప్ జోలికి పోకుండా ముందు కప్లర్ మార్చండి.

2023 నుంచి బంకుల్లోకి వచ్చిన ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ గురించి పాత బండ్లవాళ్లకు ఒక మాట. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, ట్యాంకులో ఏళ్లుగా పట్టిన మురికిని కదిలిస్తుంది. ఆ మురికి వచ్చి చేరేది స్ట్రెయినర్ దగ్గరికే. పాత రబ్బరు పైపులనూ వేళ్లతో నొక్కి, పగుళ్లున్నాయేమో చూడండి.

వచ్చే పాఠంలో పంప్ బయటికి తీసి స్ట్రెయినర్ చూస్తాం, గేజ్ పెట్టి ప్రెషర్ కొలుస్తాం. ఈలోగా పెట్రోల్ పైపులు విప్పకండి. కూత ఎప్పుడు పెరిగింది, రెండు ఓల్టేజీలు ఎంతెంత అన్నది పుస్తకంలో రాసి పెట్టుకోండి. పంప్ మూత కింద ఉండే రబ్బరు సీలు కొత్తది ముందే కొనండి, పాతది ఒకసారి తీస్తే ఉబ్బి మళ్లీ గాడిలో కూర్చోకపోవచ్చు. ఆ రోజుకు ట్యాంకులో పెట్రోల్ పావు వంతుకు మించకుండా చూసుకోండి.