విరేచనం మాత్రకు పాలు వద్దు

ఒంగోలు వైపు రాత్రి మాత్రలన్నీ పాలగ్లాసుతోనే మింగే పెద్దవాళ్లు చాలామంది. మలబద్ధకానికి వాడే బిసాకోడిల్ మాత్రకు మాత్రం అది పనికిరాదు. దాని పైపూత పేగుల్లోకి చేరాక కరగాలి. పాలు, గ్యాస్ మందులు పొట్టలోనే కరిగించేస్తాయి. ఇక కడుపులో మెలిపెట్టే నొప్పి. పాలకూ మాత్రకూ కనీసం గంట ఎడం ఉంచి, కొరకకుండా, పొడి చేయకుండా నీళ్లతో మింగాలి. పెద్దలకు మొదట 5 మిల్లీగ్రాములు చాలు. పని చేయడానికి 6 నుంచి 12 గంటలు పడుతుంది కాబట్టి, గంటకే ఏమీ కాలేదని రెండోది వేయకండి. సునాముఖి ఆకు చూర్ణమూ ఇదే కోవకు చెందిన విరేచన మందు. ‘ఆకే కదా’ అని రోజూ చెంచాలకొద్దీ మింగేవాళ్లను చూస్తే నాకు భయం. వారం దాటినా అవసరమైతే డాక్టరును అడగాలి. వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి ఉంటే అసలు వేసుకోకూడదు.