నలభైలో ఆటవెలది రాయడం ఎలా?

బడిలో బొమ్మలు గీసినవాళ్లమే, పాటలు కట్టినవాళ్లమే ఉద్యోగాల్లో పడ్డాక "మనకంత సీన్ లేదులే" అనేస్తాం. ఏదైనా రాయమంటే తెల్లకాగితం ముందు చెయ్యి కదలదు. నాకు పనిచేసిన మందు ఛందస్సు. లెక్కలో పడితే సిగ్గు గుర్తుండదు.

ఆటవెలది అనే నాలుగు పాదాల పద్యంతో మొదలుపెట్టండి. వేమన పుణ్యమా అని దాని నడక మన చెవుల్లో చిన్నప్పటినుంచీ ఉంది. పాదాలన్నిట్లో రెండో అక్షరం ఒకటే ఉండాలన్న ప్రాస నియమం కూడా లేదు.

1. ముందు గురులఘువులు. పొట్టి అక్షరం లఘువు. దీర్ఘం, ఐత్వం, ఔత్వం, సున్నా, విసర్గ, పొల్లు ఉంటే గురువు. ఒత్తక్షరానికి ముందున్నదీ గురువే. "బస్సు"లో బ గురువు, స్సు లఘువు. పది నిమిషాల పని.

2. పద్యమంతా రాయాలని కూర్చోకండి, నాలుగో పాదం చాలు. అందులో 5 సూర్యగణాలు ఉంటాయి. సూర్యగణం అంటే గురువు పక్కన లఘువు, లేదా మూడు లఘువులు. "విశ్వదాభిరామ వినురవేమ"ను విడగొట్టి చూడండి: విశ్వ, దాభి, రామ, వినుర, వేమ. నాలుగో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో కలవాలి. ఇక్కడ వి, వి. దాన్నే యతి అంటారు.

3. ఓ వారం మాటలు ఏరండి. వెన్నెల, మేఘాల జోలికి పోవద్దు. పప్పు, బస్సు, ఫోను, నిద్ర, పనులు అన్నీ సూర్యగణాలే! "ఆఫీసు" మాత్రం ఇమడదు. మంచిదే.

4. ఇప్పుడు కలపండి. నేను మొదట "కాఫి చల్లబడెను ముచ్చటాడ" అని రాసుకున్నాను. గణాలు సరిపోయాయి, కానీ కా, ము యతికి కలవవు. క తో మొదలయ్యే మాట కోసం రెండు రోజులు తిరిగాను. బట్టలు ఆరేస్తుంటే తట్టింది: "కాఫి చల్లబడెను కబురులాడ". ఆ రెండు రోజులూ బుర్ర పదేళ్ల తర్వాత మేలుకున్నట్టు అనిపించింది. నియమం అడ్డుపడకపోతే మొదటి మాటతోనే సరిపెట్టుకునేవాణ్ణి.

5. చెత్తగా వచ్చినవీ నోటుబుక్కులో ఉంచండి. కొట్టేయకండి.

6. పాదం చేతికొచ్చాక దత్తపది ఆడండి. అష్టావధానంలో పృచ్ఛకుడు మాటలిచ్చి, అవి వచ్చేలా పద్యం చెప్పమంటాడు. ఇంట్లో ఆ పదవి పిల్లలకివ్వండి. మావాళ్లు "పిజ్జా" ఇచ్చారు. రెండూ గురువులే, "పిజ్జ" చేసి గట్టెక్కాను. అవధాని అక్కడికక్కడే చెప్పాలి, మీరు వారం తీసుకోండి.

బేసి పాదాల్లో 3 సూర్యగణాల తర్వాత 2 ఇంద్రగణాలు వస్తాయి. నల, నగ, సల, భ, ర, త అని అవి ఆరు. వాటి సంగతి వచ్చే నెల చూసుకోవచ్చు. "ఆఫీసు"కు అక్కడ చోటుంది, అది త గణం.