పాత బ్యాచ్‌తో వీడియో కాల్: కబుర్లయ్యాక వీసా సంగతి ఎలా అడగాలి

కాలేజీ బ్యాచ్‌లో ఒకడు డాలస్‌లో ఉంటాడు, ఒకామె మెల్‌బోర్న్‌లో, ఇంకొకడు దుబాయ్‌లో. ఇక్కడే వైజాగ్‌లో, గాజువాకలోనో మధురవాడలోనో ఉండిపోయినవాళ్లకి తామూ వెళ్లాలని ఉంటుంది. అందరూ కలిసి మాట్లాడుకుందామని పెట్టుకున్న కాల్ టైం కుదరకైనా చెడుతుంది, లేదంటే "అక్కడెలా ఉందిరా?", "బాగానే ఉంది" దగ్గరే ఆగిపోతుంది.

ముందు టైం సంగతి. జూన్, జులైల్లో వైజాగ్‌లో ఆదివారం ఉదయం 6.30 అంటే డాలస్‌లో శనివారం రాత్రి 8, మెల్‌బోర్న్‌లో ఆదివారం ఉదయం 11. ఈ రెండు ఊళ్ల వాళ్లే ఉంటే ఇంతకన్నా మంచి టైం దొరకదు. లండన్ వాళ్లుంటే మాత్రం అది వాళ్లకి అర్ధరాత్రి 2. అప్పుడు మన సాయంత్రం 6 పెట్టాలి: దుబాయ్‌లో 4.30, లండన్‌లో మధ్యాహ్నం 1.30, మెల్‌బోర్న్‌లో రాత్రి 10.30, డాలస్‌లో ఉదయం 7.30. కాలిఫోర్నియావాడికి తెల్లవారుజాము 5.30 అవుతుంది, వాడి మీద ఆశ వదులుకోండి. డిసెంబర్‌లో అదే 6 గంటలకి డాలస్‌లో 6.30, మెల్‌బోర్న్‌లో 11.30. ఇద్దరికీ గంట చొప్పున కష్టం పెరుగుతుంది. అమెరికా గడియారాలు మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం మారతాయి. బ్రిటన్‌లో మార్చి, అక్టోబర్ చివరి ఆదివారాలు. మెల్‌బోర్న్‌లో అక్టోబర్, ఏప్రిల్ మొదటి ఆదివారాలు. మన గడియారం కదలదు కాబట్టి మనకే ఇది గుర్తుండదు. గ్రూపులో "శనివారం రాత్రి 8" అని వదిలేయకుండా ఏ ఊరికి ఏ రోజు, ఎన్నింటికి అన్నది పక్కపక్కనే రాయండి.

వాట్సాప్ వీడియో కాల్‌లో 32 మంది వరకూ పడతారు గానీ దుబాయ్‌లో వాట్సాప్ కాల్స్ పనిచేయవు, మెసేజీలే వెళ్తాయి. అక్కడివాళ్లుంటే జూమ్ వాడండి. ఉచిత జూమ్ 40 నిమిషాలకి తెగిపోతుంది. సరిగ్గా జీతాల మాట మొదలయ్యేసరికే తెగుతుంది కాబట్టి రెండో లింకు కూడా ముందే పెట్టేయండి.

మొదటి పావుగంట ఊరికి ఇచ్చేయండి. "బీచ్ చూపించరా" అని ఎవరో ఒకరు అడుగుతారు. అలాగని ఆర్కే బీచ్‌లో నిలబడి కాల్ చేస్తే గాలి హోరు తప్ప ఒక్క మాట వినపడదు. ముందు రోజు సాయంత్రమే నిమిషం వీడియో తీసి గ్రూపులో వేసేయండి: మురీ మిక్చర్ బండి, నిమ్మకాయ పిండుతున్న చెయ్యి, వెనక అలలు. కాల్ మాత్రం ఇంట్లోంచే చేయండి.

తర్వాత అసలు సంగతి. ముందుగా అడగాల్సినవి రెండే: ఏ ఏడాది వెళ్లావు, ఏ వీసా మీద వెళ్లావు? స్నేహితుడు అబద్ధం చెప్పడు, కానీ తను వెళ్లిన ఏడాది నిజం చెబుతాడు. 2021 ఫిబ్రవరిలో కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (పాయింట్లు చూసి శాశ్వత నివాసానికి పిలిచే పద్ధతి) ఒక విడత 75 పాయింట్లకే 27,332 మందిని పిలిచింది. అప్పటికే అక్కడ పనిచేసిన అనుభవం ఉన్నవాడికి అది సులువే. 2025 మార్చి 25 నుంచి మాత్రం అక్కడ ఉద్యోగ ఆఫర్‌కి ఇచ్చే పాయింట్లు తీసేశారు. బ్రిటన్‌లో 2024 జనవరి నుంచి మొదలయ్యే మాస్టర్స్ కోర్సులకి, పరిశోధన కోర్సులు తప్ప, భార్యనో భర్తనో తీసుకెళ్లే వీలు లేదు. ఆస్ట్రేలియాలో చదువు తర్వాత ఇచ్చే 485 వీసాకి 2024 జులై నుంచి వయసు 35 దాటకూడదు, కొన్ని మినహాయింపులున్నాయి. అక్క 2022లో చేసినట్టే చేస్తానంటే ఈ మూడు చోట్లా దెబ్బ తింటారు.

ఆ తర్వాత వాడు రోజూ బతుకుతున్న లెక్క అడగండి. పన్ను పోగా చేతికెంత, అందులో అద్దెకెంత? మొదటి ఉద్యోగం ఎన్ని నెలలకి దొరికింది, అప్పటిదాకా ఎవరి డబ్బుతో గడిచింది? ఉద్యోగం పోతే ఎన్నాళ్లు ఉండనిస్తారు? అమెరికాలో హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకి మామూలుగా గరిష్ఠం 60 రోజులు. ఈ ప్రశ్నలు అందరి ముందు మాత్రం వేయకండి. నలుగురిలో జీతం అడిగితే పెంచైనా చెబుతారు, మాట మార్చైనా తప్పించుకుంటారు. కాల్ అయ్యాక విడిగా ఫోన్ చేస్తే వివరంగా చెబుతారు.

పేరు గొడవ కూడా అడగండి, ఈ ఇబ్బంది పడినవాళ్లు తప్పకుండా ఉంటారు. మన పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, లేదా ఒక్క అక్షరమే ఉంటుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలితే అమెరికా వీసాలో అసలు పేరు సర్‌నేమ్‌లోకి పోయి, పేరు దగ్గర 'ఎఫ్ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదని) అని పడుతుంది. బ్యాంకు నుంచి డ్రైవింగ్ లైసెన్సు దాకా ప్రతిచోటా సంజాయిషీ చెప్పుకోవాలి. ఇంటిపేరు పూర్తిగా వేయించుకోవడానికి మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసు పని ఇక్కడున్నప్పుడే తేల్చుకోండి. ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది కాబట్టి పేరు సరిచేశాకే ఆ పరీక్ష రాయండి.

ఏజెంటు పేరు ఎవరైనా చెబితే కాల్‌లోనే నిర్ణయించేయకండి. 2024 మేలో వైజాగ్ పోలీసులు బయటపెట్టిన కేసులో డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మి వెళ్లిన కుర్రాళ్లు కంబోడియాలో సైబర్ మోసాలు చేయించే ముఠాల చేతిలో పడ్డారు. ఉద్యోగం ఇప్పిస్తానన్నవాడి పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటులో రిజిస్టరైన ఏజెంట్ల జాబితాలో ఉందో లేదో చూడండి. ఉన్నా సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ దాటి తీసుకోకూడదు. "ముందు టూరిస్టు వీసా మీద వెళ్లిపో, అక్కడికెళ్లాక మార్పిద్దాం" అన్నాడంటే ఇంకేమీ అడక్కుండా ఫోన్ పెట్టేయండి.