సారం తగ్గిన తోట మట్టిని మళ్లీ గుల్లబరచడం ఎలా?

ఏళ్ల తరబడి అదే మడిలో మొక్కలు పెంచుతూ, అప్పుడప్పుడు గుప్పెడు ఎరువు చల్లి ఊరుకుంటే మట్టి మెల్లగా సత్తువ కోల్పోతుంది. పోసిన నీళ్లు లోపలికి ఇంకకుండా పక్కకు పారతాయి. ఎండ కాస్తే పైన పెచ్చు కడుతుంది. తవ్వి చూస్తే వానపాము ఒక్కటీ కనబడదు. మొక్కలు గిడసబారిపోతాయి. చాలామంది అప్పుడు ఇంకాస్త యూరియా వేస్తారు. అది మొక్కకు నత్రజని ఇస్తుందే తప్ప మట్టిని బాగుచేయదు.

మట్టికి కావలసింది సేంద్రియ పదార్థం. కంపోస్టు, చివికిన పశువుల ఎరువు, ఆకుల ఎరువు, వర్మీకంపోస్టు అన్నీ ఈ కోవలోవే. పోషకాల లెక్క చూస్తే ఇవి బలహీనమే. యూరియాలో నత్రజని 46 శాతం ఉంటే, కంపోస్టులో సాధారణంగా 1 నుంచి 2 శాతమే ఉంటుంది. వీటి గొప్పతనం వేరే చోట ఉంది. సేంద్రియ పదార్థాన్ని తినే సూక్ష్మజీవులు జిగురు పదార్థాలను వదులుతాయి. శిలీంధ్రాల సన్నటి పోగులు మట్టి రేణువులను చుట్టి పట్టి ఉంచుతాయి. దాంతో పిండిలా, రాయిలా ఉన్న మట్టి చిన్న చిన్న గుళికలుగా మారుతుంది. గుళికల మధ్య ఖాళీల్లో గాలి ఆడుతుంది, వాటి లోపలి సన్న రంధ్రాల్లో నీరు నిలుస్తుంది. వేర్లకు ఈ రెండూ ఒకేసారి దొరకాలి. మనం చేసే పనంతా ఆ గుళికల కోసమే.

1. ముందు మట్టిని పరిశీలించండి

పారతో అడుగు లోతున ఒక మట్టి పెళ్ల తీసి చేత్తో విరవండి. మంచి మట్టి గుళికలుగా విడిపోతుంది, తొలకరి వాసన వేస్తుంది. సారం తగ్గిన మట్టి పలకలుగా విరుగుతుంది, లేదా దుమ్ములా రాలిపోతుంది. వేర్లు కిందికి దిగకుండా ఒక చోట అడ్డంగా తిరిగి ఉంటే, అక్కడ గట్టి పొర ఉందని అర్థం.

తర్వాత అడుగు లోతు గుంత తీసి నీళ్లతో నింపండి. అవి ఇంకిపోయాక మళ్లీ నింపి, గంటలో నీటిమట్టం ఎంత దిగిందో కొలవండి. 2 నుంచి 8 సెంటీమీటర్ల వరకు దిగితే ఫరవాలేదు. అంతకన్నా తక్కువైతే నీరు నిలిచిపోతోందని, బాగా ఎక్కువైతే మట్టి తేమను పట్టుకోవడం లేదని అనుకోవచ్చు. వీలైతే భూసార పరీక్ష కూడా చేయించండి. మట్టి ఆమ్లమో క్షారమో చెప్పే ఉదజని సూచిక (pH) 6 నుంచి 7 మధ్య ఉంటే చాలా కూరగాయలకు సరిపోతుంది.

2. ఏది వేయాలో ఎంచుకోండి

ఒక్కటే ఎంచుకోవాలంటే నేను బాగా మాగిన కంపోస్టే ఎంచుకుంటాను. ఇసుక నేలకూ బంకమట్టికీ రెండింటికీ పనికొస్తుంది. మాగిందో లేదో తెలుసుకోవడం తేలికే. రంగు నల్లగా మారాలి, కుప్ప లోపల వేడి ఉండకూడదు, ఏ ఆకు ఏదో గుర్తుపట్టలేనంతగా చివికి ఉండాలి. అనుమానంగా ఉంటే గుప్పెడు తడి కంపోస్టును సంచిలో మూటగట్టి కొన్ని రోజులు ఉంచండి. విప్పినప్పుడు పుల్లటి వాసనో, ఘాటైన అమ్మోనియా వాసనో వస్తే ఇంకా మాగనివ్వాలి.

పచ్చి పేడ నేరుగా వేయొద్దు. వేర్లు మాడవచ్చు, కలుపు విత్తనాలు మడిలోకి చేరతాయి. పచ్చిగా తినే ఆకుకూరలు పెంచేచోట రోగకారక క్రిముల భయం కూడా ఉంటుంది. రంపపు పొట్టు, ఎండు చెక్క ముక్కలు మట్టిలో కలిపితే ఇంకో చిక్కు. వాటిలో కర్బనం మరీ ఎక్కువ, నత్రజని అత్యల్పం. వాటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని మట్టిలోంచే లాగేసుకుంటాయి, ఆలోగా మొక్కల ఆకులు పసుపుబారతాయి. అలాంటివి మట్టి పైన పరిచేందుకే వాడండి. కొబ్బరి పొట్టు వాడాలనుకుంటే ముందు నీళ్లలో నానబెట్టి ఆ నీటిని పారబోయండి, అందులో ఉప్పు ఉండే అవకాశం ఉంది.

బయటినుంచి తెచ్చిన పశువుల ఎరువు విషయంలో ఒక జాగ్రత్త అవసరం. పశువులు మేసిన గడ్డిపై చల్లిన కొన్ని కలుపు మందులు పేడలోనూ మిగిలిపోతాయి. కొంచెం ఎరువును మట్టితో కలిపి కుండీలో నింపి చిక్కుడు గింజలు నాటండి. మొలకల ఆకులు మెలితిరిగి ముడుచుకుంటే ఆ ఎరువును తోటలోకి రానివ్వకండి.

బంకమట్టిని వదులు చేయాలని కాస్త ఇసుక కలపడం మాత్రం వద్దు. బంకమట్టి ఆ ఇసుకను పట్టేసి ఎండాక ఇటుకలా బిగుసుకుంటుంది.

3. మట్టి పదును (తగినంత తేమ) చూసి తవ్వండి

తడి మట్టిని తవ్వితే ఉన్న గుళికలు కూడా నలిగిపోతాయి. పిడికెడు మట్టి తీసుకుని గట్టిగా నొక్కండి. ముద్దగా మారాలి, బొటనవేలితో తోస్తే విడిపోవాలి. విడిపోకుండా వేలి గుర్తు పడిందంటే ఇంకొన్ని రోజులు ఆగాల్సిందే. అసలు ముద్దే కట్టకపోతే నీళ్లు పెట్టి మర్నాడో ఎల్లుండో చూడండి.

4. కలపండి

మొదటిసారి మడి అంతటా 5 సెంటీమీటర్ల మందాన కంపోస్టు పరవండి. చదరపు మీటరుకు దాదాపు 50 లీటర్లు పడుతుంది. దాన్ని పైనున్న 15 నుంచి 20 సెంటీమీటర్ల మట్టిలో కలపండి. మట్టిని పిండి చేసేంత మెత్తగా తవ్వొద్దు, పెళ్లలు విరిగితే చాలు. మొక్క నాటే గుంతలో మాత్రమే కంపోస్టు నింపే అలవాటు మంచిది కాదు. చుట్టూ గట్టి మట్టే ఉంటుంది కాబట్టి గుంతలో నీరు నిలుస్తుంది, వేర్లు బయటికి సాగవు.

పెద్ద చెట్ల కింద అసలు తవ్వొద్దు. కొమ్మల నీడ పడే మేర కంపోస్టును పలుచగా పరిచి, మొదలు దగ్గర ఖాళీ వదిలేయండి. మిగతా పని వానపాములు చూసుకుంటాయి.

5. తడిపి, కప్పి, ఆగండి

కలిపాక బాగా నీళ్లు పెట్టి, రెండు వారాలు ఆగి మొక్కలు నాటండి. తర్వాత ఎండుటాకులో గడ్డో 5 నుంచి 7 సెంటీమీటర్ల మందాన కప్పండి. వాన చినుకుల దెబ్బ నేరుగా తగలదు కాబట్టి పెచ్చు కట్టదు. కాండానికి మాత్రం తగలనివ్వకండి, తేమకు కుళ్లుతుంది. మడిలో కాలు పెట్టకుండా నడవడానికి పక్కన దారి వదలండి.

ఖాళీగా ఉన్న మడిలో జనుము, జీలుగ వంటి పచ్చిరొట్ట పైరు వేసి, పూత మొదలవగానే మట్టిలో కలిపేయొచ్చు. గాలిలోని నత్రజనిని తమ వేరు బుడిపెల్లో పట్టి మట్టికి ఇస్తాయి.

నీరు ఇంకడంలో తేడా తొందరగానే తెలుస్తుంది. బిగుసుకుపోయిన బంకమట్టి పూర్తిగా మారడానికి మాత్రం రెండు మూడేళ్లు పట్టవచ్చు. రెండో ఏడాది నుంచి 1 లేదా 2 సెంటీమీటర్ల కంపోస్టు పైన పరిస్తే సరిపోతుంది, మళ్లీ తవ్వనక్కర్లేదు. ఏటా మందంగా వేస్తూ పోతే, ముఖ్యంగా పశువుల ఎరువు ఎక్కువైతే, భాస్వరం పేరుకుపోయి మొక్కలు ఇనుము, జింకు సరిగా తీసుకోలేవు. అందుకే మూడేళ్లకోసారి భూసార పరీక్ష చేయించి, భాస్వరం ఎక్కువగా ఉందని తేలితే పశువుల ఎరువు ఆపి ఆకుల ఎరువుకు మారండి.