అమెరికన్ల ఆఫీసు మాటల్లోని బేస్‌బాల్ జాతీయాలను అర్థం చేసుకోవడం ఎలా?

అమెరికా క్లయింట్లతో పనిచేసే తెలుగువారిని తికమకపెట్టే ఇంగ్లీషు జాతీయాల్లో టచ్ బేస్, బాల్‌పార్క్, కర్వ్‌బాల్, రెయిన్ చెక్ వంటివన్నీ బేస్‌బాల్ మైదానం నుంచి వచ్చినవే. వీటిని ఒక్కొక్కటిగా బట్టీ పట్టడం కంటే ఆ ఆట ఎలా సాగుతుందో ఒకసారి తెలుసుకోవడం మేలు. క్రికెట్ తెలిసినవారికి అదేమంత కష్టం కాదు.

బ్యాటరు నిలబడే చోట నేలలో అయిదు మూలల తెల్లని రబ్బరు పలక ఒకటి ఉంటుంది. దాన్ని హోమ్ ప్లేట్ అంటారు. పిచర్ 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి, మధ్యలో నేలను తాకకుండా బంతిని విసురుతాడు. బంతిని కొట్టిన బ్యాటరు, 90 అడుగులకొకటి చొప్పున ఉన్న మూడు బేస్‌లను వరుసగా తాకుతూ తిరిగి హోమ్ ప్లేట్‌కు చేరితే ఒక పరుగు వచ్చినట్టు. కొట్టబోయి తప్పినా, కొట్టదగిన బంతిని వదిలేసినా ఒక స్ట్రైకు; మూడు స్ట్రైకులు పడితే ఆ బ్యాటరు అవుట్. ముగ్గురు అవుటైతే ఆ ఇన్నింగ్‌లో ఆ జట్టు వంతు ముగుస్తుంది. మామూలుగా మ్యాచ్‌కు తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటాయి.

ఇంతమాత్రం తెలిస్తే చాలా పదబంధాలు వాటంతటవే విడిపోతాయి. ‘స్టెప్ అప్ టు ద ప్లేట్’ అంటే బ్యాటరు ముందుకొచ్చి నిలబడినట్టు బాధ్యతను తన భుజాన వేసుకోవడం. తిండి పళ్లానికీ దీనికీ సంబంధం లేదు. ‘కవర్ ఆల్ ద బేసెస్’ అంటే ఏ వైపు నుంచీ ఇబ్బంది రాకుండా కట్టుదిట్టం చేసుకోవడం. ‘స్ట్రైక్ అవుట్’ అంటే ప్రయత్నం విఫలం కావడం, ‘నాక్ ఇట్ అవుట్ ఆఫ్ ద పార్క్’ అంటే అదరగొట్టడం. పిచర్ తిప్పి విసిరిన బంతి గాలిలోనే వంపు తిరిగితే అది కర్వ్‌బాల్; కాబట్టి క్లయింటు మనకు ‘కర్వ్‌బాల్ విసిరాడు’ అంటే ఊహించని చిక్కు తెచ్చిపెట్టాడని అర్థం. మనవాళ్లు ‘గూగ్లీ వేశాడు’ అనే సందర్భమే అది.

‘బ్యాటింగ్ ఎ థౌజండ్’ అన్నది మాత్రం క్రికెట్ అభిమానిని పూర్తిగా దారి తప్పిస్తుంది. బేస్‌బాల్ సగటు అంటే బ్యాటరుకు లెక్కలోకి వచ్చిన అవకాశాల్లో ఎన్నింటిని హిట్లుగా (అంటే బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరడంగా) మలిచాడన్న నిష్పత్తి. దాన్ని మూడు దశాంశ స్థానాల వరకు రాసి, 0.300ను ‘త్రీ హండ్రెడ్’ అని చదువుతారు. ఆ త్రీ హండ్రెడే మంచి సగటు. అలాగే ‘థౌజండ్’ అని చదివే 1.000 అంటే ఒక్కటీ తప్పలేదని అర్థం. వరుసగా పొరపాట్లు చేసినవారిని వెటకారంగా కూడా ఇలాగే అంటారు కనుక గొంతును బట్టి గ్రహించాలి.

డబ్బుతో, గడువుతో ముడిపడిన పదబంధాల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. బాల్‌పార్క్ అంటే బేస్‌బాల్ మైదానం; ‘గివ్ మీ ఎ బాల్‌పార్క్ ఫిగర్’ అని అడిగితే వారికి కావలసింది ఉజ్జాయింపు లెక్క. మాటల్లో ఉజ్జాయింపుగా చెప్పిన అంకె తరువాతి ఈమెయిల్లో ఒప్పుకున్న అంకెగా మారిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, ఇది అంచనా మాత్రమేనని సాదా ఇంగ్లీషులో అదే రోజు రాసి పంపాలి. ఒక్క అంకె కాకుండా కనిష్ఠం, గరిష్ఠం రెండూ ఇవ్వడం ఇంకా క్షేమం. ‘లెట్స్ టచ్ బేస్ నెక్స్ట్ వీక్’ అన్నప్పుడు వారు కోరేది ఒక చిన్న సంభాషణ. ఏ రోజు, ఎన్ని గంటలకు అని మనమే అడిగి ఖాయం చేసుకోకపోతే ఆ మాట గాలిలోనే ఉండిపోతుంది. ‘రెయిన్ చెక్’ అసలు వాన వల్ల ఆట ఆగిపోయినప్పుడు మరో రోజు చూసుకోమని ప్రేక్షకులకు ఇచ్చే చీటీ. భోజనానికి పిలిస్తే ‘ఐ విల్ టేక్ ఎ రెయిన్ చెక్’ అన్నారంటే ఇప్పటికి రాలేమని మర్యాదగా చెప్పడం. మరోసారి తప్పక వస్తారని దాన్ని హామీగా పట్టుకోకూడదు.

స్వయంగా వాడేటప్పుడు పదాల కూర్పును ముట్టుకోకూడదు. ‘టచ్ బేస్’ మధ్యలో ‘ద’ చేర్చినా, బాల్‌పార్క్ బదులు ‘ప్లేగ్రౌండ్’ అన్నా జాతీయం చెడిపోతుంది. ‘రైట్ ఆఫ్ ద బ్యాట్’ అంటే మొదలుపెట్టగానే, వెంటనే అని. క్రికెట్ నుంచి బ్రిటిష్ ఇంగ్లీషులోకి వచ్చిన ‘ఆఫ్ హిజ్ ఓన్ బ్యాట్’ అంటే ఎవరూ చెప్పకుండా సొంత చొరవతో అని. రెండింటిలోనూ బ్యాటే ఉన్నా ఒకదాని చోట మరొకటి పెట్టలేం. ‘గెట్ టు ఫస్ట్ బేస్’కు పనిలో తొలి అడుగు వేయగలగడం అనే అర్థంతో పాటు, యువతీయువకుల మధ్య సాన్నిహిత్యాన్ని సూచించే వాడుక కూడా ఉంది, సహోద్యోగుల గురించి దాన్ని ఎన్నడూ వాడకపోవడమే నయం.

ఒప్పంద పత్రాల్లోనూ, పొరపాటుకు సంజాయిషీ ఇచ్చే లేఖల్లోనూ ఏ జాతీయమూ వద్దు. అలాగే, క్రికెట్ తెలియని అమెరికన్‌తో మాట్లాడేటప్పుడు మన అలవాటు కొద్దీ ‘స్టికీ వికెట్’, ‘హిట్ ఫర్ సిక్స్’ అనకుండా, పరిస్థితి ఇబ్బందిగా ఉందనీ, పెద్ద దెబ్బ తగిలిందనీ నేరుగానే చెప్పాలి.