మెయిల్, చాట్ సర్వర్లకు పబ్లిక్ సర్టిఫికెట్ ఎలా ఎంచుకోవాలి?

సర్వర్ అసలైనదేనని ఫోన్లకు, కంప్యూటర్లకు రుజువు చేసే పబ్లిక్ సర్టిఫికెట్ కొనాలనగానే అందరూ ధరలు చూస్తారు. అది తర్వాత చూసుకోవచ్చు. ముందు ఒక కాగితం తీసుకుని ఫోన్లు, లాప్‌టాప్‌లు, బయటి సర్వర్లు మీ సర్వర్‌ను ఏయే పేర్లతో వెతుక్కుంటూ వస్తాయో రాయండి.

మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్ ఎక్స్ఛేంజ్ ఉంటే, డొమైన్ ముందు 'మెయిల్', 'ఆటోడిస్కవర్' (మెయిల్ యాప్ తన సెట్టింగులు వెతుక్కునే పేరు) అని రెండు పేర్లు కావాలి. చాట్, కాల్స్ కోసం స్కైప్ ఫర్ బిజినెస్ సర్వర్ కూడా ఉంటే 'సిప్', 'మీట్' లాంటివి చేరతాయి. ఒకసారి నేను ఆటోడిస్కవర్ రాయడం మర్చిపోయాను. వెబ్‌మెయిల్ చక్కగా తెరుచుకుంది కాబట్టి అంతా బాగుందనుకున్నాను. మర్నాడు ఉదయం ఔట్‌లుక్ తెరిచిన ప్రతి ఒక్కరికీ 'సర్టిఫికెట్‌లో పేరు సరిపోవడం లేదు' అనే హెచ్చరిక! ఆ రోజంతా టెన్షనే.

జాబితాలో డాట్ లోకల్‌తో ముగిసే, ఆఫీసు లోపల మాత్రమే పనిచేసే పేర్లుంటే కొట్టేయండి. 2015 నవంబరు నుంచి పబ్లిక్ సర్టిఫికెట్లలో అలాంటి పేర్లు చెల్లవు. ఆఫీసు లోపల కూడా బయటి పేరే వాడండి. పేరును ఐపీ చిరునామాగా మార్చే లోపలి డీఎన్‌ఎస్‌లో ఆ పేరుకు లోపలి ఐపీ ఇస్తే సరిపోతుంది.

ఇప్పుడు రకం. పేర్లన్నీ విడివిడిగా రాసే శాన్ సర్టిఫికెట్ నా మొదటి ఎంపిక. డొమైన్ ముందు ఏ పేరున్నా ఒకే నక్షత్రం గుర్తుతో సరిపెట్టే వైల్డ్‌కార్డ్ సులువే కానీ అది డొమైన్ కింద ఒక్క మెట్టు వరకే పనిచేస్తుంది. పైగా చాట్, కాల్స్‌ను కలిపే సిప్ ప్రమాణం వైల్డ్‌కార్డ్‌ను ఒప్పుకోదు, కాబట్టి చాట్, కాల్స్ సర్వర్‌కు దాన్ని నమ్ముకోవద్దు. డొమైన్ మీదేనా అని మాత్రమే చూసే డీవీ, సంస్థనూ పరిశీలించే ఓవీ, ఇంకా లోతుగా పరిశీలించే ఈవీ అన్నింటిలోనూ ఎన్‌క్రిప్షన్ ఒకటే. మెయిల్ యాప్‌లో సంస్థ పేరు ఎవరికీ కనిపించదు, అందుకే చాలామందికి డీవీ చాలు.

మీ చాట్ సర్వర్ బయటి సంస్థల సర్వర్లతో మాట్లాడుతూ, రెండు వైపులా సర్టిఫికెట్ చూపించాల్సి వస్తే, అందులో 'క్లయింట్ ఆథెంటికేషన్' (కనెక్ట్ అయ్యే వైపు కూడా ఆ సర్టిఫికెట్‌తో తన గుర్తింపు చూపే వీలు) ఉందో లేదో కొనే ముందే అడగండి. పబ్లిక్ సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలు దాన్ని తీసేస్తున్నాయి.

గడువు విషయం తేలిగ్గా తీసుకోవద్దు. 2026 మార్చి 15 నుంచి ఇచ్చే సర్టిఫికెట్లకు గరిష్ఠ గడువు 200 రోజులే. 2027లో అది 100కి, 2029లో 47కి తగ్గుతుంది. చేత్తో మార్చుకుంటూ కూర్చోవడం కుదరదు. సర్వరే సర్టిఫికెట్ అడిగి తెచ్చుకునే ఆక్మీ పద్ధతిలో తనంతట తానే రెన్యూ అయ్యేదే తీసుకోండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ అలాంటి సర్టిఫికెట్‌ను ఉచితంగా ఇస్తుంది. కొత్తది వచ్చాక మెయిల్ సర్వీస్ దాన్ని మళ్లీ లోడ్ చేసుకునే ఏర్పాటు కూడా ఉండాలి.

పెట్టాక ఆండ్రాయిడ్ ఫోన్‌తో పరీక్షించండి. మీ సర్టిఫికెట్‌కూ, పరికరాలు నమ్మే మూల సర్టిఫికెట్‌కూ మధ్యలో ఉండే ఇంటర్మీడియట్ సర్టిఫికెట్‌ను సర్వర్ పంపకపోతే కంప్యూటర్ బ్రౌజర్ చాలాసార్లు తానే తెచ్చుకుంటుంది, లోపం బయటపడదు. ఫోన్‌లోని మెయిల్ యాప్ మాత్రం కనెక్ట్ అవ్వదు.