మూఢం పోకముందే సర్దుకోండి: పెండ్లి పత్రికలు చేసే డీటీపీ షాపులకు జాగ్రత్తలు

మొన్న మా నల్లగొండలోనే, క్లాక్ టవర్ నుంచి నడిచిపోయేంత దూరంలో ఉన్న ఒక షాపాయన 600 పెండ్లి పత్రికలను పాత పేపర్ల తూకానికి వేసిండు. మల్టీకలర్ కార్డు, మీద గోల్డ్ ఫాయిల్, హైదరాబాద్‌లో కొట్టించింది. పెండ్లిపిల్ల ఇంట్లో తొలి కార్డు నాలుగు మూలలకు పసుపు పెడుతుంటే మేనత్త పైకి చదివింది: ‘శుభ కలాణ మహోత్సవ ఆహ్వానము’. మిర్యాలగూడ ‘మిరాలగూడ’ అయి ఉంది. పిల్ల పేరు చివర ‘న్య’ ఉండాలె, ‘న’ ఉంది. కార్డు మొత్తంలో ఒక్క య-ఒత్తు లేదు. మిగతా అక్షరం ఒక్కటి కూడా కదలలే.

షాపాయన తన సిస్టంలో ఫైలు తెరిస్తే ఒత్తులన్నీ భద్రంగ ఉన్నయి. ప్రూఫు మీద పిల్ల నాయన సంతకం కూడా ఉంది. టైపింగ్ తప్పు కాదు, ప్రూఫ్ తప్పు కాదు. కర్వ్స్ చేయని, అంటే అక్షరాలను ఫాంటు అవసరం లేని గీతల బొమ్మలుగా మార్చని ఫైలు ప్రెస్‌కు పోయింది, అంతే. ఎట్ల పోయిందో తర్వాత చెప్త.

మూఢం పోంగనే ముహూర్తాలు ఎగబడతయి. అప్పుడు అన్నం తినే టైం కూడా దొరకదు కాబట్టి ఇప్పుడే రాస్తున్న. యూపీఎస్ పెట్టుకోండి, పెన్‌డ్రైవ్‌లో వైరస్ చూసుకోండి అని చెప్పను. అవి తెలియకుండ ఎవరూ షాపు పెట్టరు.

మనం కొట్టే ‘అను’ (తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్) ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే తెలుగు అక్షరాలకు సొంత నంబర్లు ఉండే పద్ధతి కాదు. ఇంగ్లీషు కోడ్‌ల మీద తెలుగు బొమ్మలు కూర్చోబెట్టినవి. తెర మీద మనకు య-ఒత్తు కనబడే చోట కంప్యూటర్‌కు తెలిసింది ఒక నంబరే. ఆ నంబరుకు ఏ బొమ్మ గీయాల్నో చెప్పేది ఫాంటు ఫైలు. ప్రెస్‌లో అదే పేరుతో ఇంకో వెర్షన్ ఫాంటు ఉందనుకోండి, ఆ నంబరు కాడ వేరే బొమ్మ ఉండొచ్చు, ఖాళీ కూడా ఉండొచ్చు. ఫాంటు అసలే లేకుంటే కోరల్ (కార్డు డిజైన్ చేసే కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్) తెరవంగనే అడుగుతది, పేజీ అంతా పిచ్చిగీతలు కనబడతయి, ప్లేట్లు తీసేటాయన కూడా ఆగి ఫోన్ చేస్తడు. పేరు కలిస్తే మాత్రం కోరల్ ఏమీ అడగదు. పేజీ మొత్తం ఖరాబైతే భయం లేదు, ఒక్క ఒత్తు పోతేనే కొంప మునుగుతది. అక్కడ సిస్టం కాడ కూర్చున్న పిల్లగాడు తెలుగు చదివేటోడే అయి ఉండాల్నని కూడా లేదు.

కాబట్టి ఒక్కటే మాట. కర్వ్స్ చేయకుండ ఫైలు గడప దాటొద్దు.

ఫైలు పంపే ముందు

కోరల్‌లో కంట్రోల్ ఏ (అన్నీ సెలెక్ట్), కంట్రోల్ క్యూ (కర్వ్స్) కొట్టి ‘అయిపోయింది’ అనుకునేటోళ్లే ఎక్కువ. కంట్రోల్ ఏ అన్నిటినీ పట్టదు. లాక్ చేసినవాటిని పట్టదు. కార్డు లోపలి భాగం రెండో పేజీలో ఉంటే దాన్ని పట్టదు, ఏ పేజీలో ఉన్నమో ఆ పేజీ మటుకే. పవర్‌క్లిప్ (ఒక ఆకారంలో ఇమిడ్చిన డిజైన్) లోపల ఉన్న అక్షరాలను పట్టదు, లోపలికి పోయి విడిగా మార్చాలె. రెడీమేడ్ డిజైన్లలో గణపతి బొమ్మ కింది ‘శ్రీరస్తు శుభమస్తు’ చాలాసార్లు ఆ పవర్‌క్లిప్‌లోనే దాక్కొని ఉంటది. అంతా అయినంక డాక్యుమెంట్ ప్రాపర్టీస్ తెరవండి. ఫాంటు పేరు ఒక్కటైనా కనబడిందా, పని కాలేదన్నట్టు.

ప్రెస్‌లో పాత కోరల్ ఉందని లోయర్ వెర్షన్‌లో సేవ్ చేసి ఇస్తుంటరు. ముందు కర్వ్స్, తర్వాతనే లోయర్ వెర్షన్. వరుస తప్పితే అక్షరాల నడుమ సందులు జరిగి లైన్లు కిందికి దిగుతయి.

పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ సంగతి వేరు, అందులో కర్వ్స్ చేసే వీలు లేదు. 2001లో వచ్చిన 7.0 తర్వాత ఇంకో పెద్ద వెర్షన్ రాలే, అయినా మనం దాన్ని వదలలే. నేనూ వదలలే, చెయ్యి దానికే అలవాటు పడ్డది. అందులో డిస్టిలర్ (పీడీఎఫ్ తయారుచేసే ప్రోగ్రాం) ద్వారా పీడీఎఫ్ తీసేటప్పుడు ఫాంట్లన్నీ ఎంబెడ్ అయ్యేటట్టు, అంటే ఫైలులోనే కలిసిపోయేటట్టు సెట్టింగ్ పెట్టండి. తీసినంక అక్రోబాట్‌లో కంట్రోల్ డీ కొట్టి ఫాంట్స్ ట్యాబ్ చూడండి. ప్రతి ఫాంటు పక్కన ఎంబెడెడ్ అని ఉండాలె. లేని ఒక్క ఫాంటే మీ కొంప ముంచేది. ఆ పీడీఎఫ్‌ను అను లేని ఇంకో సిస్టంలో, పిల్లల ల్యాప్‌టాప్‌లో అయినా సరే, తెరిచి చదవండి.

ఈ తప్పుకు ఇంకో ముఖం ఉంది. సేవ్ యాజ్ ముందు కొట్టాలె, కర్వ్స్ తర్వాత చేయాలె. అసలు ఫైలులోనే కర్వ్స్ చేసి కంట్రోల్ ఎస్ కొట్టి మూసేస్తే అక్షరాలన్నీ బొమ్మలైపోతయి, ఒక్క సున్న దిద్దాలన్నా కుదరదు. ఒకసారి రాత్రి 11 గంటలకు ‘అన్నా, మేనమామ పేరు మర్చిపోయినం, వేయకుంటే పెండ్లికి రానంటుండు’ అని ఫోన్ వచ్చింది. నేను చేసిన పని అదే కాబట్టి కార్డంతా మళ్లీ మొదటి నుంచి కొట్టుకున్న. కోరల్ అదే ఫోల్డర్‌లో ‘బ్యాకప్ ఆఫ్’ అనే పేరుతో ముందటి కాపీ దాస్తదని అప్పటికి నాకు తెలియదు.

ప్రూఫ్

ప్రూఫ్ తీసేది కర్వ్స్ ఫైలు నుంచే. అసలు ఫైలు నుంచి తీసిన ప్రూఫ్ మీద ఎన్ని సంతకాలున్నా ప్రెస్‌కు పోయేది అది కాదు కదా. కాగితం మీద, కార్డు సైజులోనే తీయండి. ఫోన్‌లో ‘ఓకే అన్నా’ అని పెట్టిన మెసేజ్‌ను నమ్మకండి. వాళ్లు బస్సులో ఉండి, రెండు వేళ్లతో పెద్దగ చేసి, తమ పేరు మటుకు చూసుకొని ఓకే అంటరు.

తేదీ, వారం కలిసినయో లేదో మీరే క్యాలెండర్ తీసి చూడండి. అర్ధరాత్రి దాటిన ముహూర్తమైతే ఇంకా జాగ్రత్త. పంతులు శుక్రవారం రాత్రి 2-40 అని రాసిస్తడు, ఆయన లెక్కలో సూర్యోదయం దాకా శుక్రవారమే. ఇంగ్లీషు తేదీ మాత్రం 12కే మారిపోయింది. ‘శుక్రవారం రాత్రి తెల్లవారితే శనివారం’ అని వేసి, తేదీ ఏది వేయాల్నో ఇంటివాళ్లతోనే చెప్పించుకోండి. మీ తెలివితో దిద్దకండి.

సాఫ్ట్‌వేర్ చేసే అతితెలివి

మనం తెలుగు కొడుతుంటే సాఫ్ట్‌వేర్ దాన్ని ఇంగ్లీషు అనుకుంటది. అందుకే కోరల్‌లో క్విక్ కరెక్ట్ తీసేయండి. వాక్యం మొదట చిన్న అక్షరాన్ని పెద్దక్షరం చేస్తే తెలుగులో అది వేరే అక్షరమైతది. పేజ్‌మేకర్ ప్రిఫరెన్సెస్‌లో టైపోగ్రాఫర్స్ కోట్స్ (నిలువు కోట్ గుర్తులను వంపువి చేసేది) తీసేయండి, ఇదీ అదే రోగం. హైఫనేషన్ ఆఫ్ చేయండి, లేకుంటే అక్షరం ఒక లైన్లో, దాని ఒత్తు కింది లైన్లో పడుతది.

గిరాకీ వాట్సాప్‌లో పంపిన తెలుగు యూనికోడ్. పేజ్‌మేకర్‌లో పేస్ట్ చేస్తే ప్రశ్నార్థకాలే. కన్వర్టర్‌లో మార్చినంక మాట మాట చదవండి, ముఖ్యంగ ‘సాఫ్ట్‌వేర్ ఇంజనీర్’ అనే మాట. పెండ్లికొడుకు పేరు కింద అది లేని కార్డు ఈ రోజుల్లో అరుదు. పొల్లు తర్వాత కనబడకుండ ఉండే గుర్తు అక్కడ డబ్బా అయి పడుతది.

ఇంకా గుర్తొచ్చినయి గుర్తొచ్చినట్టు చెప్త.

సీజన్ మధ్యలో విండోస్ అప్‌డేట్ చేయొద్దు. ఐదు వారాల దాకా ఆపి పెట్టుకోవచ్చు, ఆపండి. అప్‌డేట్ అయిన పొద్దున అను కీబోర్డ్ మాట వినకపోతే గిరాకీకి ఏం చెప్తరు?

కొత్త ఫాంట్లు ఎవరో ఇచ్చిండ్రని సీజన్‌లో ఎక్కించుకోవద్దు.

పోయిన సంవత్సరం కార్డు తెరిచి దాని మీదనే కొట్టొద్దు. పాత పెండ్లివాళ్ల విందు టైం కొత్త కార్డులో మిగిలిపోతది.

కార్డు మీద ఉన్న ప్రతి ఫోన్ నంబరుకు ఒకసారి ఫోన్ కొట్టండి.

నల్ల అక్షరం ఒక్క నలుపులోనే ఉండాలె. నాలుగు రంగులు కలిసిన నలుపైతే ప్లేటు వెంట్రుక వాసి జరిగినా సన్న ఒత్తుల చుట్టూ రంగు నీడ కనబడతది.

స్క్రీన్ ప్రింటింగ్‌కు పోయే కార్డులో సన్న ఫాంటు వద్దు. ఒత్తుల కడుపులు సిరాతో నిండిపోతయి.

ఫోటోలు 300 రిజల్యూషన్‌కు తక్కువ ఉండొద్దు. వాట్సాప్‌లో ఫోటోగా వచ్చింది వాడొద్దు, డాక్యుమెంట్‌గా పంపమనండి.

అంచుకు 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కోతలో పోయే అదనపు అంచు) వదలండి.

పేజ్‌మేకర్‌లో అన్‌డూ ఒక్కటే అడుగు. పెద్ద మార్పు ముందు సేవ్.

ప్రెస్‌కు పోయిన ఫైలును సీజన్ అయ్యేదాకా తీసేయొద్దు. తగాదా వస్తే మీ కాడ ఉన్న సాక్ష్యం అదొక్కటే.

కర్వ్స్ చేసినంక ఏ చిన్న మార్పు చేసినా, అసలు ఫైలులో చేసి, మళ్లీ కర్వ్స్, మళ్లీ ప్రూఫ్, మళ్లీ సంతకం. గిరాకీ విసుక్కుంటడు, విసుక్కోనీయండి.

ఇక ఆ 600 కార్డుల ఫైలు ఎట్ల పోయిందో చెప్త. రాత్రి ప్రెస్ నుంచి చేస్తరు: ‘అన్నా, ఫాయిల్ సైజు ఇంత జరపాలె, ఓపెన్ ఫైల్ ఒక్కసారి పంపు, మేమే సెట్ చేసుకుంటం.’ మొదట్ల చెప్పిన ఆ షాపాయన ముందు పంపింది కర్వ్స్ ఫైలే. ఈ ఫోన్ వచ్చినంక, షట్టర్ సగం దించి, ఓపెన్ ఫైలు, అంటే కర్వ్స్ చేయని అసలు ఫైలు, మెయిల్ కొట్టి ఇంటికి పోయిండు. పంపొద్దు. ఎంత జరపాల్నో మిల్లీమీటర్లలో అడగండి, షట్టర్ ఎత్తండి, మీరే జరపండి, కర్వ్స్ చేసి పంపండి.